ఉగాది సెలవులకు బాలి, లొంబోక్ ప్యాకేజీ కొనబోయేవారికి హెచ్చరిక

వచ్చే ఉగాదికి ఇండోనేసియాలోని బాలి, లొంబోక్ దీవుల యాత్రకు డబ్బు కట్టాలనుకుంటున్న నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలవారు ఈ అనుభవాన్ని ఒకసారి చదివి, ఆ తర్వాత నిర్ణయించుకోవలసిందిగా కోరుతున్నాను. 2025 ఉగాది సెలవుల్లో నేనూ నా భార్యా, మా అక్కా బావా, ఒంగోలులో ఉండే తమ్ముడూ మరదలూ, మొత్తం ఆరుగురం, నెల్లూరులోని ఒక ట్రావెల్ ఏజెంటు వద్ద మనిషికి 92,000 రూపాయల చొప్పున ప్యాకేజీ కొని నష్టపోయాము. విషయం వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందువల్ల ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు.

మార్చి 29 శనివారం, 30 ఉగాది, 31 రంజాన్. మూడు రోజులూ కలిసి వచ్చాయి కాబట్టి ‘ఉగాది స్పెషల్’ అని కరపత్రం వేశారు. అందులో మా అందరినీ ఆకర్షించింది 29వ తేదీ: ఉదయం కింతామణి దగ్గర బతూర్ అగ్నిపర్వతం, మధ్యాహ్నం అగుంగ్ పర్వతం వాలున ఉన్న బెసాకి ఆలయం, సాయంత్రం ఉలువాటులో సముద్రపు కొండ అంచున కేచక్ నృత్యం. పదుల మంది మగవాళ్లు వలయాలుగా కూర్చుని ‘చక్ చక్’ అంటూ గొంతులతోనే తాళం వేస్తుండగా రామాయణ కథ ఆడతారని తెలిసి, రిటైరైన తెలుగు పండితుడైన మా బావగారు చిన్నపిల్లవాడిలా సంబరపడ్డారు.

ఆ 29వ తేదీ బాలిలో న్యెపి. ఈ ఒక్క మాట మాకు ఎవరూ చెప్పలేదు. బాలి హిందువులకు అది శక సంవత్సరాది. వారికి ఆ రోజు మొదలైనదీ, మన పంచాంగంలో ఆ మర్నాడు మొదలైనదీ 1947వ శక సంవత్సరమే. మనం సంవత్సరాదికి తోరణాలు కట్టి పంచాంగ శ్రవణానికి వెళ్తాము. వారు మౌనం పాటిస్తారు. ఉదయం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఆరు వరకు నిప్పు వెలిగించరు, పని చేయరు, ప్రయాణించరు, వినోదాల జోలికి పోరు. విమానాశ్రయం ఇరవై నాలుగు గంటలు మూసి ఉంటుంది, రేవులు మూసి ఉంటాయి, మొబైల్ ఇంటర్నెట్ ఆపేస్తారు. పర్యాటకులకు కూడా మినహాయింపు లేదు. హోటల్ గేటు దాటి కాలు బయట పెడితే పెచలాంగ్ అనే సంప్రదాయ కాపలాదారులు మర్యాదగానే వెనక్కి పంపుతారు.

మేము చెన్నైలో 27 రాత్రి విమానం ఎక్కి, కౌలాలంపూర్ మీదుగా 28 మధ్యాహ్నం దిగాము. వీసా రుసుము ప్యాకేజీలోనే ఉందని ఏజెంటు చెప్పిన మాట విమానాశ్రయంలోనే అబద్ధమైంది. దిగిన చోట తీసుకునే వీసాకు మనిషికి 5,00,000 రుపియాలు, అంటే మన డబ్బులో రెండున్నర వేలకు పైగా, మేమే కట్టుకున్నాము. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకుల వద్ద బాలి ప్రభుత్వం వసూలు చేస్తున్న 1,50,000 రుపియాలు దానికి అదనం. కుటాలోని హోటలుకు వెళ్లే దారిలో డ్రైవరు మా ప్రయాణ ప్రణాళిక చూసి, రెండుసార్లు తేదీ చదువుకుని, రేపు మీరు ఎక్కడికీ వెళ్లలేరని నెమ్మదిగా చెప్పాడు. మేము నమ్మలేదు. హోటల్ రిసెప్షన్‌లోని అమ్మాయి అదే మాట చెప్పి, అంతకుముందు వారమే మా ఏజెంటుకు మెయిల్ పంపామని చూపించినప్పుడు నమ్మవలసి వచ్చింది.

ఆ సాయంత్రానికి ప్యాకేజీలో ‘షాపింగ్’ అని రాసి ఉంది. అంగళ్లన్నీ తొందరగా మూసేశారు. కానీ వెదురుతో, కాగితంతో చేసిన ఓగో-ఓగో అనే భూతాల బొమ్మలు, రెండు నిలువుల ఎత్తున్నవి, కుర్రవాళ్లు భుజాల మీద మోస్తూ వీధి మలుపుల్లో గిరగిరా తిప్పుతూ ఉంటే మేము తిండి మరిచి చూశాము. ఆ ఊరేగింపు గురించి కూడా కరపత్రంలో ఒక్క ముక్క లేదు. అమ్మినవాడికి తెలిసి ఉంటే దానికీ విడిగా ధర కట్టేవాడేమో. అంతకుముందు కుటా బీచ్‌లో మాత్రం నిరాశే ఎదురైంది. పడమటి తీరాన డిసెంబరు నుంచి మార్చి దాకా రుతుపవనాల గాలికి కడలి చెత్తను తెచ్చి ఒడ్డున పోస్తుంది. కార్తీక పౌర్ణమి మర్నాడు మైపాడు ఒడ్డు చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా ఉండదు. అది ఎవరి తప్పూ కాదు గానీ, ఆ నెలల్లో వెళ్లేవారికి ముందుగా చెప్పవలసిన విషయం.

న్యెపి రోజు పొడుగునా హోటల్ గదిలోనే గడిపాము. ఆ రాత్రి దీవి మొత్తం దీపం లేకుండా ఉండగా బాల్కనీ నుంచి చూసిన నక్షత్రాలు నా జీవితంలో మరువలేనివి. తెలిసి వెళ్లి ఉంటే ఆ ఒక్క రాత్రి కోసమే వెళ్లవచ్చునని నా భార్య అన్నది. అయితే మేము ఆ అనుభవం కోసం డబ్బు కట్టలేదు. మేము కట్టినది బతూర్, బెసాకి, కేచక్ మూడింటికీ, వాటికి కారుకూ, గైడుకూ.

ఉగాది ఉదయం ఐదు గంటలకు హోటల్ వదిలి, ఏడింటికి పడాంగ్ బాయి రేవులో లొంబోక్ పడవ ఎక్కాలని ప్రణాళికలో ఉంది. ఆరు వరకు గేటు తీయరు. ఆ పడవ తప్పిపోయింది, టికెట్టు డబ్బు తిరిగి రాలేదు, మధ్యాహ్నం పడవకు మళ్లీ కొన్నాము. వేపపువ్వు పచ్చడి లేని ఉగాది మాకు అదే మొదటిది. చేదు మాత్రం మా ఏజెంటు సమకూర్చాడు.

లొంబోక్‌లో రెండో దెబ్బ తగిలింది. 31వ తేదీకి ‘రింజాని అగ్నిపర్వతంపై ట్రెక్కింగ్, సెగర అనక్ సరస్సు దర్శనం, సగం రోజు’ అని రాశారు. రింజాని ఎత్తు 3,726 మీటర్లు, ఇండోనేసియా అగ్నిపర్వతాల్లో రెండో ఎత్తయినది. బిలం అంచుకు ఎక్కి దిగడానికే సాధారణంగా రెండు రోజులు, ఒక రాత్రి గుడారంలో మకాం పడుతుంది. సరస్సు ఆ అంచుకు అవతల, లోపల ఉంటుంది. అన్నింటికంటే ముఖ్యంగా, వానలు, కొండచరియల ప్రమాదం వల్ల జాతీయ ఉద్యానవనం వారు ఏటా జనవరి నుంచి మార్చి చివరి వరకు ఎక్కే దారులు మూసివేస్తారు. మా తేదీ మార్చి 31. అరవై దాటిన మా అక్కాబావలను మూసి ఉన్న కొండ మీదికి సగం రోజులో ఎక్కించి దించుతానని డబ్బు తీసుకున్న మనిషి ఆ కొండను పటంలో కూడా చూసి ఉండడు.

పైగా ఆ రోజు రంజాన్. లొంబోక్‌లో ఎక్కువమంది ససాక్ ముస్లింలు. డ్రైవరు నమాజు ముగించుకుని పదకొండింటికి వచ్చాడు, ఇంట్లో చేసిన పిండివంటలు కూడా తెచ్చి పెట్టాడు. పండగ పూట అతణ్ణి పనికి పిలిచినందుకు మాకే మొహమాటం వేసింది. మాకు హోటల్ ఇచ్చింది కుటాలో. బాలిలో ఒక కుటా, లొంబోక్ దక్షిణ తీరాన మరొక కుటా ఉన్నాయి. కరపత్రంలో వేసిన ఫొటో బాలి కుటాది, ఇచ్చిన గది లొంబోక్ కుటాది. రింజాని పాదంలో ఉన్న సెనరు గ్రామం దీవికి ఉత్తరాన ఉంటుంది. ఆ కొస నుంచి ఈ కొసకు వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. సెండాంగ్ గిలె జలపాతం చూసి, మబ్బుల్లో దాక్కున్న కొండకు దణ్ణం పెట్టి వెనుదిరిగాము.

తిరుగు ప్రయాణం రోజు, ఏప్రిల్ 3న, సొంత డబ్బుతో కారు మాట్లాడుకుని బతూర్ చూశాము. పెనెలోకాన్ దగ్గర నిలబడితే చాలా పెద్ద పాత బిలం, దాని లోపల నెలవంకలా సరస్సు, మధ్యలో 1,717 మీటర్ల బతూర్, దాని పాదాన గడ్డకట్టిన నల్లటి లావా. అంత దూరం వెళ్లినందుకు మిగిలింది అదే. కేచక్ చూడడం మాత్రం కుదరలేదు. బావగారు ఆ మాట ఇప్పటికీ ఎత్తరు.

తిరిగి వచ్చి అడిగితే ఏజెంటు, అది అక్కడి ప్రభుత్వ నిర్ణయమనీ, దైవాధీనమైన ఆటంకాలకు తాను బాధ్యుడిని కాననీ అన్నాడు. ఇండోనేసియా ప్రభుత్వం న్యెపిని జాతీయ సెలవుల జాబితాలో అంతకుముందు ఏడాదే ప్రకటిస్తుంది. మేము డబ్బు కట్టినది జనవరిలో. ముందే అచ్చయిన తేదీ దైవాధీనం ఎలా అవుతుందో ఆయన చెప్పలేదు. అగ్నిపర్వతం పేలి విమానాలు ఆగడం వేరు. 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలోని లెవోతోబి బూడిద వల్ల బాలి విమానాలు రద్దయ్యాయి. అటువంటి దానికి మీ బీమా వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూసుకోండి.

ఇంకొక సంగతి, నేను బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషిని కాబట్టి నా కంట పడింది. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాడే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) అని అప్పటి రేటున ఐదు శాతం, 27,600 రూపాయలు విడిగా తీసుకున్నాడు. ఆ పన్ను అమ్మినవాడు మన పాన్ నంబరు మీద జమ చేయాలి, వసూలు చేసినట్టు ధ్రువపత్రం (అప్పట్లో ఫారం 27డి) ఇవ్వాలి, రిటర్నులో మనం దాన్ని తిరిగి పొందవచ్చు. రిటర్ను వేసే సమయానికి నా 26ఏఎస్ అనే పన్ను జమల పత్రంలో ఒక్క రూపాయి లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన తర్వాత ఆ మొత్తం మాత్రం వెనక్కి ఇచ్చాడు. మిగతా నష్టానికి నెల్లూరులోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో ఫిర్యాదు వేశాము. ఫిర్యాదు రుసుము మనం అడిగే మొత్తాన్ని బట్టి కాదు, చెల్లించిన ధరను బట్టి ఉంటుంది, ఆ ధర ఐదు లక్షల లోపైతే రుసుము ఉండదు. మాది కాస్త దాటింది కాబట్టి కట్టాము. రెండేళ్ల లోపు వేయాలి. కరపత్రం, వాట్సాప్ మాటలు, రసీదులు అన్నీ దాచుకున్నందువల్లే ఇంతవరకైనా రాగలిగాము.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మొన్న ట్రంకు రోడ్డులో నా చేతికి వచ్చిన కొత్త కరపత్రం. 2026లో న్యెపి, మన ఉగాది రెండూ ఒకే రోజు, మార్చి 19. అదే ఏజెంటు, అదే ‘ఉగాది స్పెషల్’, అవే ఫొటోలు. మార్చి 19 ఎదురుగా ఇలా ఉంది: ఉదయం కింతామణి, మధ్యాహ్నం బెసాకి, సాయంత్రం కేచక్.