పోర్చ్ మీద మచ్చలు పోయాయి: రెడీ సీల్ వాడాక నా అభిప్రాయం

మా ఇల్లు నార్త్ కరోలినాలో, క్యారీలో. ముందు పోర్చ్ ప్రెజర్ ట్రీటెడ్ పైన్ చెక్కది (పుచ్చిపోకుండా మందు ఎక్కించిన చెక్క), 160 చదరపు అడుగులు ఉంటుంది. ఒక పక్క మధ్యాహ్నం దాకా ఎండ, ఇంకో పక్క ఎప్పుడూ నీడే. రెడీ సీల్ అంటే చెక్కకి రంగుతో పాటు రక్షణ కోసం పూసే సీలర్. దీనికి ముందు, పోయిన వేసవిలో వేరే సీలర్ ఒకటి తెచ్చి, శనివారం మిట్టమధ్యాహ్నం రోలర్‌తో మొత్తం లాగించేశాం. సాయంత్రం చూస్తే ఏడుపొచ్చింది. ఎండ పక్క పలకలు వెలిసిపోయినట్టున్నాయి, నీడ పక్కవి ముదురు గోధుమరంగు, రోలర్ ఆగి మళ్లీ మొదలైన చోటల్లా చారలు, మూలల్లో చేతికి అంటుకునే మెరుపు. తులసి కుండీ ఉండే చోట గుండ్రటి మచ్చ సరేసరి. పల్చగా ఉన్న చోట ఇంకో పూత వేస్తే కలిసిపోతుందిలే అని వేశాం, అది ఇంకా పెద్ద పొరపాటు. లేత చోటు కాస్త ముదిరింది, దాని అంచు మీద మరో కొత్త చార పడింది.

అసలు సంగతి నీళ్లు చల్లి చూస్తే అర్థమైంది. మెరుస్తున్న చోట నీటిబొట్టు తామరాకు మీద నిలబడ్డట్టు నిలబడింది. జానెడు పక్కకి వస్తే క్షణంలో ఇంకిపోయింది. అంటే చెక్క అన్నిచోట్లా ఒకేలా రంగు పీల్చుకోలేదు. ఒకచోట పాత పూత మిగిలి అడ్డం పడింది, ఒకచోట ఎండకి బాగా ఆరిపోయి గబగబా తాగేసింది. ఇలాంటప్పుడు పైన ఎన్ని పూతలు వేసినా లాభం లేదు, మొత్తం తీసేసి మొదటికి రావాల్సిందే.

అందుకే ఈసారి రెడీ సీల్ కొన్నా ముందు డబ్బా మూత తీయలేదు. పాత పూతని ఊడదీసే స్ట్రిప్పర్ పూసి, పావుగంట ఆగి, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగాం. ఆ తర్వాత చెక్కని మళ్లీ తేటపరిచే, ఆక్సాలిక్ ఆమ్లం ఉండే బ్రైటెనర్ వేశాం. ఈ పని మాత్రం దయచేసి ఎవరూ వదిలేయకండి. స్ట్రిప్పర్ తర్వాత చెక్క నల్లబడి బెంగపెట్టింది, బ్రైటెనర్ తగిలిన కాసేపటికే కళ్ల ముందే లేత పసుపులోకి వచ్చేసింది. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. తులసిని ముందే పక్కకి తీసి, మిగతా మొక్కల్ని బాగా తడిపి ఉంచాం. పక్కింటివాళ్లు ఇచ్చిన ప్రెజర్ వాషర్‌ని మా ఆయన ఒకచోట మరీ దగ్గరగా పెట్టేసరికి చెక్క పీచులేచి గీత పడింది, అలాంటి గీతలే తర్వాత రంగులో బయటపడతాయి. మూడు రోజులు ఆరనిచ్చి, మాస్కులు పెట్టుకుని అంతటా కాస్త గరుకైన 80 నంబరు శాండ్ పేపరే కొట్టాం. ఇంకా నునుపుగా చేస్తే చెక్క నూనె పీల్చుకోదు.

ఇక రెడీ సీల్. ఇది నూనె రకం, చెక్క మీద పొర కట్టదు, లోపలికి దిగుతుంది. పూసిన చోటి అంచు ఆరేలోపే పక్కది పూయాలని పరుగులు పెట్టాల్సిన టెన్షన్ లేదు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మేం తీసుకున్నది పీకాన్ రంగు. రెండు గ్యాలన్ డబ్బాలనూ ఒకే బకెట్‌లో పోసి కలిపాం, డబ్బాకీ డబ్బాకీ తేడా ఉంటుందేమోనన్న అనుమానం కూడా మిగల్లేదు. నీడ ఉన్న వేళ చూసి, రెండేసి పలకలు ఆ చివర నుంచి ఈ చివర దాకా బ్రష్‌తో లాగుతూ పోయాం, ఎక్కువైన చోట గుడ్డతో తుడిచేశాం. ఆ గుడ్డల్ని మాత్రం ముద్దచేసి గరాజ్‌లో పడేయకండి. నూనె గుడ్డలు వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

మొదటి రోజు రంగు మరీ ముదురుగా కనిపించి గుండె జారింది. అసలు రంగు తేలడానికి 14 రోజులు పడుతుందని కంపెనీవాళ్లే చెబుతారు, నిజంగానే రెండు వారాలకి చక్కగా సర్దుకుంది. చారలు లేవు, మెరుపు మచ్చలు లేవు. తులసి కుండీని ఇప్పుడు కాళ్లున్న స్టాండ్ మీద పెట్టాం, కింద గాలి ఆడుతోంది, మచ్చ మళ్లీ పడలేదు. వాసన మాత్రం రెండు మూడు రోజులు ఇంట్లోకి వచ్చింది, ముందు తలుపు మూసి గరాజ్ వైపు నుంచే తిరిగాం.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర దేనికంటే, రెండేళ్ల కిందట మార్చిన ఒక కొత్త పలక ఇప్పటికీ మిగతావాటికంటే ఒక చాయ లేతగానే ఉంది. ఇది చెక్కలో సహజంగా ఉండే గీతల్ని కనబడనిచ్చే రంగు కాబట్టి కింద ఉన్న తేడాని కప్పదు. పాత పలకలూ కొత్త పలకలూ కలిసిపోయి ఉన్న పోర్చ్ అయితే, అన్నీ ఒకే రంగులో ముద్దగా కనబడాలనుకుంటే, చెక్కని పూర్తిగా కప్పేసే సాలిడ్ స్టెయిన్ చూసుకోండి.