‘1740 నాటి పారిస్ ప్రింటు’ అని 18,000 గుంజారు, చూసి కొనండి

పాత ప్రింట్లు ఆన్‌లైన్‌లో కొనే అలవాటున్నవాళ్లకే ఈ పోస్టు. నాకు పడ్డ కుచ్చుటోపీ మీకు పడకూడదని రాస్తున్నా.

బొమ్మ మాత్రం ముచ్చటగా ఉంది. రిబ్బను ముడికి గుత్తిగా వేలాడే టాంబురిన్, తోలుతిత్తితో మోగే మ్యుజెట్, చక్రం తిప్పి వాయించే వియెల్, వాటి మధ్య పళ్లికిలిస్తున్న ఒక మాస్కు. ఇలాంటి గుత్తులను ట్రోఫీలంటారు. గోడ పలకలకు, కుర్చీలకు చెక్కుడుపనివాళ్లు నమూనాలుగా వాడుకునేవారు. కింద అమ్మినాయన రాసిన వివరణ: ‘పల్లె బిచ్చగాళ్ల వాయిద్యాలు, దిష్టి తీసే మాస్కు, 1740.’

అది చదివినప్పుడే అనుమానం రావాల్సింది. వియెల్ ఒకప్పుడు గుడ్డి బిచ్చగాళ్లదే, కాదనను. కానీ 1740 నాటికి కథ తిరగబడింది. ఫ్రాన్స్ రాజుల కోట ఉన్న వెర్సాయ్‌లో బాతోన్ అనే వాయిద్యాల పనివాడు పాత గిటార్ల పెట్టెలకే చక్రం బిగించి వియెల్‌లు చేసి ఇచ్చేవాడు. పదిహేనో లూయీ రాణి మారీ లెషిన్‌స్కా స్వయంగా వాయించేది. మ్యుజెట్ తిత్తికి పట్టు, మఖ్మల్ తొడుగులు, గొట్టాలకు దంతం. గాలి చంక కింది కొలిమితిత్తి నుంచి వస్తుంది. బుగ్గలు ఉబ్బించి ఊదడం దొరసానులకు నామర్దా కదా! అంటే ఈ బొమ్మ గొల్లవేషం కట్టి సరదా పడే దొరల ఇంటి అలంకారం. బిచ్చగాడు ఆ గుత్తిలో ఎక్కడా లేడు.

మాస్కుకీ దిష్టికీ సంబంధం లేదు. అది హాస్యనాటకానికి గుర్తు. 1697లో పద్నాలుగో లూయీ వెళ్లగొట్టిన ఇటాలియన్ నటులు 1716లో పారిస్‌కు తిరిగొచ్చారు. ఒపేరాలో మాస్కుల నాట్యాలు మొదలైందీ ఆ ఏడాదే. మాస్కు వేసుకుంటే ఎవరు డ్యూకో, ఎవరు గుమాస్తానో పైకి తెలియదు. ఆ కాలపు సరదా అంతా అందులోనే ఉంది.

ఇక కాగితం సంగతి. ఫ్రేము మార్పిద్దామని తీసుకెళ్తే, షాపతను వెనక అట్ట విప్పి, లైటుకెదురుగా పట్టి, ‘సార్, ఇది జిరాక్సు లాంటిదే’ అన్నాడు. నిజమే. ఆ కాలపు కాగితంలో, గుజ్జును వడకట్టిన జల్లెడ తీగల గీతలు కనబడాలి. ఇందులో లేవు. గీతల్లేని వోవ్ కాగితం యూరప్‌లో 1757లో ఇంగ్లండులో బాస్కర్‌విల్ అనే ముద్రాపకుడు అచ్చేసిన లాటిన్ కవి వర్జిల్ పుస్తకంతోనే పుస్తకాల్లోకొచ్చింది. భూతద్దం పెడితే రంగంతా చుక్కలు. ఆ చుక్కల అచ్చు వాడుకలోకొచ్చింది 1880ల్లో. ‘పాతదనం’ టీ నీళ్లది: ఒక మూల క్లిప్పు పెట్టి ఆరేసిన చోట తెల్లటి చతురస్రం మిగిలిపోయింది!

కొనేముందు లైటుకెదురుగా తీసిన ఫొటో, వెనకవైపు ఫొటో, బొమ్మలోని ఒక గీతను బాగా దగ్గరగా తీసిన ఫొటో అడగండి. బొమ్మ చెక్కిన రాగిరేకుతో అచ్చేసినప్పుడు కాగితం మీద పడే నొక్కుడు అంచు ఉంది కదా అని ఊరుకోకండి. పాత రేకులతో తర్వాత్తర్వాత కూడా అచ్చులు తీశారు.

డబ్బు వెనక్కివ్వమంటే ‘డెకరేటివ్ అని రాశాం కదండీ’ అన్నారు. బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. నిన్న చూస్తే అదే బొమ్మ, అదే తెల్ల చతురస్రం ఉన్న ఫొటోతో మళ్లీ అమ్మకానికి పెట్టారు. ఈసారి 1760 అట.