పద్మినీకి కూలెంట్ బాటిల్ పెట్టించాలంటే విజయనగరంలో ఈ రేడియేటర్ షెడ్డుకే వెళ్లండి

ప్రీమియర్ పద్మినీ కారు ఇంకా తోలుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా బండి 1986 మోడల్. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు, ఇత్తడి రేడియేటరు. దీనికి కూలెంట్ బాటిల్, అంటే వేడికి రేడియేటర్‌లోంచి పొంగిన నీళ్లు పట్టి, చల్లారాక తిరిగి ఇచ్చే సీసా, ఎక్కడ పెట్టించాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే చోటు. గజపతినగరం వెళ్లే రోడ్డులో, ఊరు దాటబోయే ముందు ఎడంచేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. గోడకి ఆనించిన పాత లారీ రేడియేటర్లే గుర్తు.

మా అమ్మాయీ అల్లుడుగారూ ఉండేది ఒడిశాలోని సునాబెడలో. రామభద్రపురం, సాలూరు దాటాక సుంకి ఘాటు ఎక్కాలి. పల్లంలో ఎంత దూరమైనా పేచీ పెట్టని బండి, ఘాటు సగం ఎక్కేసరికి ఆవిరి కక్కేది. ఫ్యాన్ బెల్టు బాగుంది, రేడియేటర్ కడిగించాం, థర్మోస్టాట్ మార్పించాం. అయినా చల్లారాక మూత తీసి చూస్తే నీళ్లు దిగిపోయి, లోపలి ట్యూబుల తలలు కనిపించేవి. మా ఆవిడ కాళ్ల దగ్గర రెండు నీళ్ల డబ్బాలు పెట్టుకుని కూర్చునేది.

కారణం చిన్నదే. మామూలు వేడి నుంచి 90 డిగ్రీలకి వెళ్లేసరికి నీళ్లు నూటికి మూడు వంతులపైనే ఉబ్బుతాయి. అయిదు లీటర్ల నీళ్లలో చిన్న గ్లాసుడు ఎక్కువవుతాయన్నమాట. మా బండిలో ఆ గ్లాసుడూ మూత పక్కనున్న సన్న గొట్టంలోంచి రోడ్డు పాలయ్యేది. ఇంజను చల్లారాక లోపల పడిన ఖాళీలోకి గాలి దూరేది. పాత డ్రైవర్లు అందుకే రేడియేటర్‌లో వేలెడు వెలితి ఉంచి నీళ్లు పోసేవారు. పల్లంలో ఆ లెక్క సరిపోతుంది. ఘాట్లో రెండో గేరులో ఇంజను లాగుతుంటే దాని పైభాగం, అంటే హెడ్డు దగ్గర నీళ్లు అక్కడక్కడా మరిగి బుడగలు లేస్తాయి, ఆ బుడగలు ఇంకా నీళ్లని బయటికి తోస్తాయి. పైగా ఎత్తుకి వెళ్లే కొద్దీ నీళ్లు తొందరగా మరుగుతాయి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న సునాబెడలో మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. లోపల గాలి చేరితే తుప్పు కూడా. మన పద్మినీకి హెడ్డు అల్యూమినియం, బ్లాకు ఇనుము. అలాంటి ఇంజనుకి గాలి కలిసిన బోరు నీళ్లు పోస్తూ ఉండడం మంచిది కాదు.

మొదట ఊళ్లోనే ఇంకొక చోట బాటిల్ పెట్టించాను. పాత మూత అలాగే ఉంచి, గొట్టం చివర ఒక ప్లాస్టిక్ సీసా కట్టి పంపేశారు. ఘాటు ఎక్కాక సీసాలోకి నీళ్లు వచ్చాయి, సంతోషించాను. తెల్లారి చూస్తే సీసాలో నీళ్లు సీసాలోనే ఉన్నాయి, రేడియేటరు ఎప్పటిలాగే వెలితి. అడిగితే "పాత బండి కదండీ, అంతే" అన్నారు.

ఈ షెడ్డు మేస్త్రి సాలూరు లారీల దగ్గర పని నేర్చుకున్న మనిషి. బానెట్ ఎత్తి చూసి, ముందు సీసా జోలికే వెళ్లలేదు. మూత విప్పి, తిరగేసి నా చేతిలో పెట్టాడు. "బాటిల్ది ఏటుంది బాబూ, ఎవుడైనా కడతాడు. పనంతా ఈ మూతది" అన్నాడు. పాత మూతకి స్ప్రింగు చివర కింద ఒక్కటే రబ్బరు ఉంది. పైన రేడియేటర్ మెడ అంచుని ఆనే చోట ఉత్త రేకు. వేడెక్కినప్పుడు నీళ్లు కింది రబ్బరుని ఎత్తుకుని గొట్టంలోకి వెళ్తాయి, అంతవరకూ బాగానే ఉంది. చల్లారి లోపల పీల్పు మొదలయ్యాక సీసాలోంచి నీళ్లు లాక్కోవాలి కదా, దానికంటే తేలిగ్గా ఆ రేకు సందులోంచి గాలే వచ్చేస్తుంది. కొత్త మూతకి పైన కూడా వెడల్పాటి రబ్బరు ఉంటుంది, అడుగున నడిమధ్య వెనక్కి పీల్చుకునే చిన్న వాల్వు ఉంటుంది. ఆ వాల్వుని గోటితో లాగి వదిలి, అది తిరిగి సరిగ్గా కూర్చుంటోందో లేదో చూపించాడు.

తర్వాత స్టీల్ స్కేలు పెట్టి రేడియేటర్ మెడ లోతు కొలిచాడు. లోతు కుదరని మూత పెడితే కింది రబ్బరు ఆనదు, లేదా మరీ నొక్కేస్తుందట. ఎన్నో ఏళ్లుగా మూతలు తిప్పి తిప్పి ఇత్తడి అంచు ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. దాన్ని చిన్న సుత్తితో సరిచేసి, ఎమెరీ కాగితంతో ఓపికగా చుట్టూ రుద్ది చదును చేశాడు. ఈ పనికే చాలాసేపు పట్టింది, నాకు అన్నిటికంటే నచ్చింది కూడా ఇదే. కొత్త కార్ల మూతల మీద 0.9, 1.1 అని రాసి ఉంటుంది, అది ప్రెషరు. ఎక్కువది పెడితే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి కదా, అదే పెట్టమన్నాను. ఒప్పుకోలేదు. పాత ఇత్తడి రేడియేటర్ టంకం అతుకులు, హీటర్ గొట్టాలు ఆ ప్రెషరుకి ఆగవనీ, పాత మూత మీద ఎంత రాసి ఉంటే అంతే పెట్టాలనీ చెప్పి, అలాగే పెట్టాడు.

బాటిల్ మారుతీ 800ది. ఎక్కడైనా దొరుకుతుంది, పగిలినా బాధ లేదు. ఇంజను పొగ బయటికి పోయే మానిఫోల్డు వేడి తగలకుండా రేడియేటర్ పక్కన లోపలి రేకుకి ఇనప పట్టీతో బిగించాడు. గొట్టం పారదర్శకంగా ఉండేది వద్దన్నాడు, అది వేడికి బిరుసెక్కి చీలుతుంది. రబ్బరు హోసే వేశాడు. హోసు చివర ఏటవాలుగా కోసి సీసా అడుగుదాకా దింపాడు. కొస నీళ్లలో మునిగి ఉండకపోతే పీల్చేది గాలినే. నేరుగా కోస్తే కొస అడుగుకి అతుక్కుని మూసుకుపోతుంది. ఇవన్నీ నన్ను కూర్చోబెట్టి పాఠంలా చెప్పలేదు, పని చేస్తూ అడిగినదానికల్లా జవాబు చెప్పాడు.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. ఈ పాళ్లలో ఉన్న మిశ్రమం ప్రెషరు లేకుండానే 107 డిగ్రీల దాకా మరగదు. పోసే ముందు రేడియేటర్నీ ఇంజన్నీ నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగించాడు. పిల్లలూ కుక్కలూ తిరిగే ఇళ్లలో ఒకటి గుర్తుపెట్టుకోండి: కూలెంట్ తియ్యగా ఉంటుంది, అది విషం. కింద ఒలికితే వెంటనే కడిగెయ్యాలి.

ఇంజను వేడెక్కించి, సీసా మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, ఆపేసి, మమ్మల్ని టీకి పంపాడు. తిరిగొచ్చి ఇంజను చల్లారేదాకా కూర్చున్నాం. కూలెంటు గీత దిగువకి వచ్చేసింది. మూత తీస్తే రేడియేటరు మెడ దాకా నిండుగా ఉంది. "ఇప్పుడు ఎల్లండి బాబూ, సుంకి కాదు కొరాపుట్టు దాకా ఎల్లండి. కానీ బాటిల్ వేడిని తగ్గించదండి, నీల్లు పోకుండా సూస్తాది, అంతే" అన్నాడు. నిజమే. రేడియేటరు పూడిపోయిన బండికి ఎన్ని సీసాలు కట్టినా వేడెక్కుతుంది. ముందు అది చూసుకోండి.

ఆ తర్వాత వేసంగిలో సునాబెడ వెళ్లొచ్చాం. ఘాట్ మీద ఆగి బానెట్ ఎత్తితే కూలెంటు సీసాలో పై గీతకి ఇంకా దిగువనే ఉంది. వేడి మీద మూత తీసే ప్రమాదమూ తప్పింది, సీసా చూస్తే చాలు. మా ఆవిడ డబ్బాలు డిక్కీలోకి వెళ్లాయి.

లోపాలూ ఉన్నాయి. లారీ వస్తే మన కారు పక్కకి జరగాల్సిందే, పొద్దున్నే వెళ్లకపోతే పూటంతా పోతుంది. ఇనప పట్టీకి రంగు వెయ్యలేదు, మా వీధిలో కుర్రాడితో నేనే వేయించుకున్నాను. బిల్లు ఇవ్వరు, కాగితం మీద రాసి ఇమ్మంటే మాత్రం రాస్తారు. సీసా, మూత, హోసు, కూలెంటు, కూలీ అన్నీ కలిపి 1,400 రూపాయలయ్యింది. అందులో మూత ఖరీదు రెండు వందల లోపే. వెళ్లేటప్పుడు ఇంజను చల్లగా ఉండేలా చూసుకోండి. వేడిగా వెళ్తే మేస్త్రి మూత ముట్టుకోడు, చల్లారేదాకా కూర్చోబెడతాడు.