‘ఎవడు చేశాడు?’ అనే ఎంక్వైరీ మేలా, ‘ఎందుకు జరిగింది?’ అనే విచారణ మేలా?

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పదిహేడేళ్లు పనిచేశాను. మొదట మెకానికల్ సెక్షన్, తర్వాత సేఫ్టీ. చిన్నవీ పెద్దవీ కలిపి చాలా ప్రమాదాలకు రిపోర్టులు రాశాను, రాయించాను. వేరేవాళ్లు రాసి తెచ్చిన కొన్నింటి మీద స్పాటుకు పోకుండానే సంతకం పెట్టాను. అలాంటి ఒక సంతకం గురించే ముందు చెప్పాలి. ఏ పద్ధతి మేలో నాకు నేర్పింది అదే.

సున్నపురాయి మోసే బెల్టు కన్వేయరు. దాని వెనక చివర తిరిగే డ్రమ్మును టెయిల్ పుల్లీ అంటాం. అందులో చేయి పడకుండా అడ్డంగా బిగించే ఇనుప కవచం గార్డు. నైట్ షిఫ్టులో, తెల్లారుజామున నాలుగు గంటలప్పుడు, కాంట్రాక్టు హెల్పరు ఒకడు బెల్టు కింద పేరుకున్న రాయిపొడిని పారతో లాగుతున్నాడు. బెల్టు తిరుగుతూనే ఉంది. పార కొన పుల్లీకి తగులుకుంది. పారతో పాటే కుడిచేయి లోపలికి పోయింది. మూడు వేళ్లు పోయాయి.

మధ్యాహ్నానికల్లా రిపోర్టు నా టేబుల్ మీదుంది. ‘కారణం: కార్మికుని నిర్లక్ష్యం. గార్డు తీసి, నడుస్తున్న బెల్టు దగ్గర పనిచేసినాడు. చర్య: హెచ్చరిక, మిగతావారికి అవగాహన తరగతి.’ సంతకం పెట్టాను.

మూడో రోజు ఆసుపత్రికి పోయాను. ఆ పిల్లోడికి ఇరవై రెండేళ్లు. చేతి నిండా కట్టు. ‘గార్డు నేను తీయలేదు సార్. అదెప్పుడో ఊడిపోయింటే వైరుతో కట్టినారు. కావాలంటే పోయి చూడండి’ అన్నాడు. అదే పూట వెనక్కి వచ్చి చూశాను. పుల్లీ దగ్గర కొత్త గార్డు, కొత్త బోల్టులు. నేల కడిగేశారు. ఏమీ మిగల్లేదు అనుకుని షెడ్డు వెనక స్క్రాప్ కుప్ప దగ్గరికి పోతే పాత గార్డు అక్కడ పడుంది. ఒక మూలకు బైండింగ్ వైరు ముక్క ఇంకా వేలాడుతోంది. వేలితో రాస్తే తుప్పు పొరలుపొరలుగా రాలింది. ఆ వైరు గార్డు మీది పెయింటును కోసుకుని ఇనుములోకి గాడి పెట్టింది. ఆ రాత్రి కట్టిన వైరు కాదది. నెలల తరబడి ఆ గార్డు అట్లానే అల్లాడుతోంది. ప్రతి షిఫ్టులో అందరం దాని పక్క నుంచే నడిచాం. నేనూ నడిచాను.

ఇప్పుడు రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

‘ఎవడు చేశాడు?’ పద్ధతి తొందరగా తెమిలిపోతుంది. ఒక పేరు, ఒక తప్పు, ఒక మెమో. సాయంత్రానికి ఫైలు మూసేయొచ్చు, పైవాళ్లకు జవాబు చెప్పొచ్చు. అది పూర్తిగా పనికిరానిదని నేను అనను. తాగి డ్యూటీకి వచ్చినవాడినీ, తెలిసి తెలిసి, హద్దు దాటితే మిషనును ఆపే లిమిట్ స్విచ్‌కు పుల్ల అడ్డం పెట్టి మిషను నడిపించిన ఇన్‌ఛార్జినీ అడగాల్సిందే. కానీ ఈ పద్ధతిలో మొదటి ప్రశ్నకే దెబ్బ తగిలినవాడి పేరు జవాబుగా వస్తుంది. స్పాట్‌లో ఉన్నది వాడొక్కడే కదా. గార్డుకు వైరు కట్టినవాడు, కట్టించినవాడు ఆ రాత్రి ఇళ్లలో నిద్రపోతున్నారు.

‘ఎందుకు జరిగింది?’ పద్ధతికి రెండు మూడు రోజులు పడుతుంది. జపాన్‌లో టయోటా వాళ్లు అలవాటు చేసిన ‘ఐదుసార్లు ఎందుకు’ అనేది మన పనికి బాగా సరిపోతుంది. ఆ బెల్టు మీద పెట్టి చూడండి. చేయి ఎందుకు పోయింది? తిరిగే పుల్లీ దగ్గర పార పెట్టాడు కాబట్టి. ఎందుకు పెట్టాడు? పొడి కుప్పపడితే బెల్టు పక్కకు లాగుతుంది, అప్పుడు ఇన్‌ఛార్జి అరుస్తాడు. బెల్టు ఆపి తీయొచ్చు కదా, ఎందుకు ఆపలేదు? ఆపాలంటే కంట్రోల్ రూము ఒప్పుకోవాలి, ప్రొడక్షన్ పోతుందని నైట్ షిఫ్టులో ఎవరూ ఒప్పుకోరు. అంత పొడి ఎందుకు పడుతోంది? బెల్టు పక్కల ఉండే స్కర్ట్ రబ్బరు అరిగిపోయింది. ఎందుకు మార్చలేదు? సరుకు కావాలని ఇండెంటు కాగితం పెట్టి మూడు నెలలైంది, స్టోర్స్‌లో సరుకు లేదు.

మెమో ఇస్తే మారేది ఒక మనిషి. రబ్బరు మారిస్తే పొడి పడటమే తగ్గుతుంది, పార పట్టుకుని అక్కడికి పోయే అవసరమే తగ్గుతుంది. అందుకే నా ఓటు రెండో పద్ధతికి. క్రమశిక్షణ చర్య తప్పనిసరి అనుకుంటే, విచారణ ముగిసి కారణాలు తేలాక వేరే ఫైలులో నడపండి. రెండూ ఒకే గదిలో, ఒకే రోజు పెడితే ఎవడూ నిజం చెప్పడు.

ఇక్కడ మనవాళ్లకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, లేని చోట వాళ్లకు అప్పట్లో ఆసరా 1923 నాటి పరిహార చట్టం; 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. రక్షణ కోసమని తెలిసీ గార్డును కావాలని తీసేసి దెబ్బ తగిలించుకుంటే యజమాని పరిహారం కట్టనక్కర్లేదని పాత చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ ఉంది. మరణానికీ, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యానికీ ఆ మినహాయింపు వర్తించదు. మూడు వేళ్లు పోవడం ఆ రెంటిలోకీ రాదు. అంటే ‘గార్డు తీసి పనిచేసినాడు’ అన్న ఒక్క ముక్క రిపోర్టులో పడితే, ఆ పిల్లోడి నోటికాడి కూడు పోయినట్టే. చూడకుండా నేను సంతకం పెట్టింది ఆ ముక్క కింద. తర్వాత ఆ రిపోర్టును వెనక్కి తీసుకుని, తుప్పు పట్టిన వైరు ఫొటో జతచేసి, మళ్లీ రాయించడానికి నాకు నెల పట్టింది. నా పై అధికారి ఒకాయన ఆ నెలంతా నాతో మాట్లాడలేదు.

రిపోర్టు ఎవరు రాయాలి అనేది తర్వాతి ప్రశ్న. మన దగ్గర నడిచేది, షిఫ్ట్ ఇన్‌ఛార్జి రిజిస్టర్‌లో రాయడం, కాంట్రాక్టు మేస్త్రీ కింద ‘అవును’ అనడం. ఇన్‌ఛార్జికి మిషను తెలుసు, టైము తెలుసు, భాష వచ్చు. అది మేలే. కానీ తన షిఫ్టు తప్పును తన చేత్తో రాయమంటే ఏ మనిషికైనా చేయి వణుకుతుంది. దెబ్బ తగిలినవాడు, పక్కన నిలబడి చూసినవాడు తమ మాటల్లో చెబితే, దాన్ని చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే, రెండో చిత్రం బయటికొస్తుంది. చదువు రానివాళ్లుంటే ఫోన్‌లో వాయిస్ రికార్డు చేయండి. ‘ఏం తప్పు చేసినావు?’ అని అడగొద్దు. ‘అన్నా, డ్యూటీ ఎక్కినప్పటి నుంచి ఏం జరిగిందో నిదానంగా చెప్పు’ అనండి చాలు. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలైతే వాళ్ల భాష వచ్చినవాడిని పక్కన కూర్చోబెట్టండి. మేస్త్రీని మాత్రం కూర్చోబెట్టొద్దు. అతని ముందు వాళ్లు నోరు తెరవరు.

స్పాట్ విషయంలో నేను మొండిగా ఉంటాను. మనిషిని ఆసుపత్రికి పంపి, మిషను కరెంటు తీసి తాళం వేశాక, ఫొటోలు తీసేదాకా నేల కడగనివ్వొద్దు, కొత్త బోల్టు బిగించనివ్వొద్దు. ఆ రోజు స్క్రాప్ లారీ ముందే వచ్చి ఉంటే నాకు ఆ వైరు దొరికేది కాదు.

విచారణ చేసేవాళ్లలో సేఫ్టీ ఆఫీసరు ఒక్కడే మేలా, కమిటీ మేలా? కమిటీయే, అయితే నలుగురు చాలు. వేరే షిఫ్టు ఫిట్టరు ఒకడు, ఆ పని రోజూ చేసే కార్మికుడు ఒకడు, సేఫ్టీ నుంచి ఒకరు, ఆ సెక్షన్‌తో సంబంధం లేని ఇంజనీరు ఒకరు. సెక్షన్ హెడ్‌ను సాక్షిగా పిలవండి, కమిటీకి పెద్దగా కూర్చోబెట్టొద్దు. సేఫ్టీ కమిటీలో యాజమాన్యం మనుషులకంటే కార్మికుల మనుషులు తక్కువ ఉండకూడదని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ అనే కేంద్ర చట్టం కూడా చెబుతోంది. కార్పొరేట్ ఆఫీసు నుంచి వచ్చేవాళ్లకు కొత్త కళ్లుంటాయి, కాబట్టి మరణాలు జరిగినప్పుడు వాళ్లు రావడం మంచిది. వేలు తెగిన ప్రతిసారీ వాళ్ల కోసం ఎదురుచూస్తే సాక్ష్యం మిగలదు.

ఇక దాచిపెట్టే సంగతి. గేటు దగ్గర బోర్డు చూసే ఉంటారు: ‘ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు.’ దాని మీద అంకె పెరిగితే డిపార్టుమెంటుకు మిక్సీలు, ప్రెషర్ కుక్కర్లు. మంచి ఉద్దేశంతోనే పెడతారు. కానీ కుక్కరు పోతుందంటే చుట్టూ ఉన్న నలభై మందీ దెబ్బ తగిలిన ఒక్కడిని ‘ఊరుకో అప్పా, చిన్నదే కదా’ అంటారు. ప్రమాదం జరిగాక 48 గంటలు పనికి రాలేకపోతే ప్రభుత్వానికి నోటీసు పంపాలన్నది పాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్‌లో ఉండిన మాట. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ 10వ సెక్షన్‌లోనూ అదే 48 గంటలు. అందుకని ఏం చేస్తారంటే, చేతికి కట్టుతో ఉన్న మనిషిని రెండో రోజే కారులో తెచ్చి టైమ్ ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెడతారు. హాజరు పడుతుంది, నోటీసు తప్పుతుంది. నొప్పితో పళ్లు బిగబట్టి ఎనిమిది గంటలు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లను నేను చూశాను.

బోర్డుకు బదులు ‘తృటిలో తప్పింది’ అని చెప్పినవాళ్లకు మర్యాద ఇవ్వడం ఎంతో మేలు. పైనుంచి స్పానర్ జారి మనిషి పక్కన పడటం, లారీ రివర్స్ వస్తుంటే ఆఖరి నిమిషంలో పక్కకు దూకడం, ఇలాంటివి. మనవాళ్లు వీటిని నియర్ మిస్ అనే అంటారు. చీటీలు వేసే పెట్టె పెట్టండి, లేదా ఒక ఫోన్ నంబరుకు వాయిస్ పంపమనండి. పెట్టె కంటే ఫోనే బాగా పనిచేసింది నా అనుభవంలో, ఎందుకంటే పెట్టె దగ్గర నిలబడితే అందరూ చూస్తారు. అయితే చెప్పినవాడి పేరు బయటికి రాకూడదు, చెప్పినందుకు మెమో రాకూడదు. ఒక్కసారి వచ్చిందంటే ఆ నంబరుకు మళ్లీ ఫోన్ రాదు. చెప్పిన సంగతి వారంలోపు ఏమైందో నోటీసు బోర్డులో రాయాలి. మొదటి నెల నాలుగు వాయిస్‌లు వచ్చాయి. చెప్పిన చోట హ్యాండ్ రైలు వెల్డింగ్ జరిగిందని చూశాక రోజూ రావడం మొదలైంది.

పెద్ద ఫ్యాక్టరీల సంగతి ఇదీ. మరి ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల రోడ్ల పక్కన నాపరాయి పాలిష్ షెడ్లున్నాయి కదా, అక్కడ ఏది మేలు? పన్నెండు మంది పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసరు ఉండడు. 2020 కోడ్ ప్రకారం మామూలు ఫ్యాక్టరీకి 500 మంది ఉంటేనే ఆ పోస్టు తప్పనిసరి. అక్కడ జరిగేవి తెలిసిన ప్రమాదాలే. లారీ నుంచి దించేటప్పుడు నిలబెట్టిన బండల వరుస మొత్తం ఒరిగి కాళ్ల మీద పడుతుంది, కట్టింగ్ బ్లేడు దగ్గర వేలు తెగుతుంది. వాళ్లకు ఐదుసార్లు ఎందుకు అనే ఫారాలు అక్కర్లేదు. వాళ్లకు తేల్చుకోవాల్సింది ఒకటే: జరిగింది జరిగినట్టు రాయాలా, ‘ఇంట్లో బాత్రూములో జారిపడ్డాడు’ అని ఆసుపత్రిలో చెప్పించాలా.

ఓనర్లు రెండోది ఎంచుకుంటారు, ఇన్‌స్పెక్షన్ వస్తుందని భయం. కార్మికుడు కూడా ఓనరు మొహం చూసి ఒప్పుకుంటాడు. లెక్క వేసి చూడండి. ఈఎస్ఐ ఉన్న మనిషికి పనిలో దెబ్బ తగిలిందని నమోదైతే, కోలుకునేదాకా రోజు కూలిలో 90 శాతం వస్తుంది. ఇంట్లో జారిపడ్డాడు అంటే అది మామూలు జబ్బు కింద పోతుంది, 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులే, పైగా అంతకుముందు తగినన్ని రోజుల చందా కట్టి ఉండాలి. సగటు రోజుకూలి 500 అనుకుంటే, అరవై రోజులకు కనీసం ఆరు వేలు తేడా. వేలు శాశ్వతంగా పోయి ఉంటే తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే మెడికల్ బోర్డు శాతం తేల్చాక వచ్చే శాశ్వత వైకల్య భృతి పనిలో తగిలిన దెబ్బకే ఇస్తారు. పనిలో చేరి మొదటి రోజే ప్రమాదం జరిగినా దానికి హక్కుంది. బాత్రూము అని చెప్పిన మనిషికి ఏ రోజూ లేదు. ఆసుపత్రి చీటీలో మొదట పడిన ఆ మాటను తర్వాత మార్చడం ఎంత కష్టమో, దాని కోసం కడప చుట్టూ తిరిగినవాళ్లను అడగండి.

కాబట్టి షెడ్డులో ఒక నోటుబుక్కు చాలు. తేదీ, టైము, ఎవరు, ఏ పని చేస్తుండగా, ఏ మిషను దగ్గర, చూసినవాళ్లు ఎవరు, వాళ్ల సంతకం లేదా వేలిముద్ర. ఈఎస్ఐ యాక్సిడెంట్ బుక్కులో నింపాల్సిందీ దాదాపు ఇదే. రాశాక ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి దెబ్బ తగిలినవాడి ఇంటివాళ్లకు పంపండి. ఆసుపత్రిలో మొదటి చీటీ రాయించేటప్పుడు ఆ ఫొటో వాళ్ల చేతిలో ఉండాలి.