వాతావరణ శాఖ, ఇన్‌కాయిస్ ఉప్పెన అంచనా: ఎంత నమ్మొచ్చు, ఎలా చదవాలి

తుపాను బులెటిన్‌లో ఉప్పెన గురించి సాధారణంగా ఉండేది ఒక్క వాక్యం: సాధారణ పోటు కన్నా మీటరు నుంచి మీటరున్నర ఎత్తున నీరు లోతట్టు ప్రాంతాల్లోకి రావచ్చని. ఆ వాక్యం వెనక రెండు కంప్యూటర్ లెక్కలు ఉన్నాయి: ఐఐటీ ఢిల్లీ మోడల్, హైదరాబాద్‌లోని కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో నడిచే అడ్‌సర్క్ మోడల్. సేవ ఉచితం, తుపాను దగ్గర పడ్డాక మూడు గంటలకోసారి బులెటిన్ వస్తుంది. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాం. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో తీరంలో ఉన్నవాళ్లు తెలుసుకోవాలి.

అడ్‌సర్క్ సముద్రాన్ని త్రికోణాల వలగా విడగొడుతుంది. నడిసంద్రంలో పెద్దవి, తీరం దగ్గర చిన్నవి. దానికి అందించేవి తుపాను దారి, కేంద్ర పీడనం, గరిష్ఠ గాలి వేగం, ఆ గాలి కేంద్రానికి ఎంత దూరంలో ఉందన్న వ్యాసార్ధం. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీరు సుమారు సెంటీమీటరు లేస్తుంది. 50 తగ్గినా అర మీటరే. పెద్ద ఉప్పెనలో మిగతాదంతా గాలి తోసుకొచ్చిన నీరే. లోతు తక్కువైన కొద్దీ ఆ నీరు ఎత్తుకి ఎక్కుతుంది. కృష్ణా డెల్టా ముందు లేచినంతగా విశాఖ ముందు లేవకపోవడానికి కారణం ఇదే.

లెక్క తప్పేది ఎక్కువగా దారి దగ్గరే. మన తీరంలో, తుపాను కదిలే దిశలో చూస్తే, కేంద్రానికి కుడిపక్క గాలి నీటిని నేల మీదికి నెడుతుంది, ఎడమపక్క వెనక్కి లాగుతుంది. 1977 నవంబరు 19న తుపాను ఇప్పటి బాపట్ల జిల్లా దగ్గర తీరం దాటింది. ఉప్పెన ముంచింది కుడివైపున్న దివిసీమని. దారి కొన్ని పదుల కిలోమీటర్లు జరిగినా ముంపు ఊళ్లు మారిపోతాయి. కాబట్టి ఒక్క గీతని కాదు, బులెటిన్ పటంలోని అనిశ్చితి శంకువు (తుపాను కేంద్రం వెళ్లే అవకాశమున్న మేర) మొత్తాన్నీ చూడండి.

రెండో చిక్కు కొలమట్టాలది. బులెటిన్ అంకె పోటు మీద అదనం, మీ వీధిలో నీటి లోతు కాదు. పోటు పట్టికలో ఎత్తులు చార్టు మట్టం (దాదాపు అతి తక్కువ ఆటు నీటి మట్టం) నుంచి, నేల ఎత్తులు సగటు సముద్ర మట్టం నుంచి ఉంటాయి. రెండింటి తేడా తీయకుండా కూడితే లెక్క చెడుతుంది. ఉదాహరణకి మీ రేవులో ఆ తేడా 0.8 మీటర్లు, తీరం దాటే వేళకి పట్టికలో పోటు 1.4 అనుకుందాం. సగటు మట్టం మీద పోటు 0.6. ఉప్పెన 1.5 కలిపితే 2.1. నేల 1.2 మీటర్ల ఎత్తులో ఉంటే నడుం దాకా, 0.9 మీటర్ల నీరు రావచ్చు. తీరం దాటడం ఆరు గంటలు అటూ ఇటూ అయితే పోటు స్థానంలో ఆటు ఉంటుంది. సమయం మారిన ప్రతి బులెటిన్‌కీ లెక్క మళ్లీ చేయాల్సిందే.

ఈ అంకెలో వాన నీరు, నది వరద ఉండవు. అలల ఎత్తు హెచ్చరికని ఇన్‌కాయిస్ విడిగా ఇస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రొయ్యల చెరువుల గట్లు, తెగిన కరకట్టలు, పూడిన మురుగు కాలవలు ఏటా మారుతుంటాయి. మోడల్‌లోని నేల ఎత్తులు పాతవైతే నీరు ఏ దారిన వస్తుందో తప్పుగా చూపుతుంది. బులెటిన్‌లోని ఆ ఒక్క వాక్యం తరచూ జిల్లా పేరు దగ్గరే ఆగిపోతోంది. మండలం వారీగా ముంపు లోతు, దానికి కనిష్ఠ గరిష్ఠాలు తెలుగులో అదే బులెటిన్‌లో రావాలి. లంక గ్రామంలో పడవ ఎప్పుడు కదలాలో తేల్చేది ఆ అంకెలే.