డురాంగో - సిల్వర్టన్ ట్రైన్: వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు

కొలరాడో అంటే చాలామంది డెన్వర్ చుట్టుపక్కల తిరిగి వచ్చేస్తారు, ఈ నైరుతి మూలకి రారు, ఎందుకంటే డెన్వర్ నుంచి డురాంగోకి కార్లో ఆరు గంటల పైమాటే. మేము అల్బుకర్కీ వైపు నుంచి వచ్చాం, అటునుంచైతే దూరం బాగా తగ్గుతుంది. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, వాళ్ళతో ట్రెక్కింగులు కుదరవు కదా, కూర్చున్న చోటికే కొండలు రావాలి, అందుకని ఈ రైలు పట్టుకున్నాం.

పేరు డురాంగో అండ్ సిల్వర్టన్ నారో గేజ్. సిల్వర్టన్ గనుల్లో తవ్విన వెండి, బంగారం ఖనిజం కిందకి దింపడానికి 1882లో పూర్తిచేసిన లైను ఇది, 45 మైళ్ళు, ఆనిమస్ నదిని పట్టుకునే పైకి పోతుంది. పట్టాల మధ్య వెడల్పు 3 అడుగులే, నాన్న స్టేషన్లో వంగి చూసి "మన మీటర్ గేజ్ కంటే సన్నంరా ఇది" అని తేల్చేశారు, నిజమే మరి. ఆవిరి ఇంజన్లు 1920ల నాటివి, బొగ్గు మానేసి ఆయిల్‌కి మార్చారు కాబట్టి కంట్లో నలుసులు పడే గొడవ పాత రివ్యూల్లో రాసినంత లేదు. కొన్ని ట్రైన్లకి డీజిల్ ఇంజన్ తగిలిస్తారు, ఆవిరి ఇంజన్ కోసమే వెళ్తుంటే బుక్ చేసేముందు చూసుకోండి.

సీట్ల సంగతి. ఫస్ట్ క్లాస్ అక్కర్లేదని నా అభిప్రాయం, అద్దాల వెనక మెత్తటి కుర్చీలో కూర్చోడానికి ఇంతదూరం ఎందుకు రావడం. పక్కలు తెరిచి ఉండే గొండోలా పెట్టె బెస్ట్, కాకపోతే పొద్దున చలి చంపేస్తుంది, జూలైలో కూడా స్వెట్టర్ ఉండాల్సిందే. పెద్దవాళ్ళుంటే మామూలు కోచ్ తీసుకోండి, కిటికీలు తెరుచుకుంటాయి. ఏది తీసుకున్నా వెళ్ళేటప్పుడు కుడివైపే అడగండి, ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

మొదటి గంట సోసో, పొలాలు, ఇళ్ళు, చేతులూపే జనం. రాక్‌వుడ్ దాటాక అసలు కథ మొదలు. హైలైన్ అంటారు ఆ ముక్కని, కొండని తొలిచి ట్రైన్ పట్టేంత అంచు మాత్రం వదిలారు, ఎడమవైపు చెయ్యి చాస్తే తగిలేలా రాయి, కుడివైపు ఏమీ లేదు, దాదాపు 400 అడుగుల కింద పచ్చగా నది. బండి బాగా స్లో అయిపోతుంది, వంపులో చక్రాలు కీచుమంటుంటే ముందున్న ఇంజన్ మన కిటికీలోంచే కనిపిస్తుంది. అరకు లైన్లోలాగా టన్నెల్స్ వస్తాయని అమ్మ ఎదురుచూసింది, ఒక్కటీ లేదు, కిందకి చూడనని మొదట కళ్ళు మూసుకుంది గానీ రెండు వంపులయ్యాక ఫోన్ ఇటివ్వమని లాక్కుంది. తర్వాత నది మీద బ్రిడ్జి దగ్గర బాయిలర్ అడుగున చేరిన మడ్డి పోవడానికి ఒక్కసారిగా పక్కకి ఆవిరి వదిలారు, పెద్ద చప్పుడు, ఆ తెల్లటి పొగలో ఎండ పడి ఇంద్రధనుస్సు, పెట్టె మొత్తం లేచి నిలబడింది.

అక్కడ్నుంచి పైకి లోయలో రోడ్డు లేదు, నీడిల్‌టన్ దగ్గర ట్రైన్ ఆపితే బ్యాగులు వేసుకున్న ట్రెక్కర్లు దిగి అడవిలోకి వెళ్ళిపోయారు. సిల్వర్టన్ దగ్గరపడేకొద్దీ ఒడ్డున రాళ్ళు తుప్పు రంగు, గనుల ప్రాంతం కదా. 2015 ఆగస్టులో గోల్డ్ కింగ్ గని నుంచి 30 లక్షల గ్యాలన్ల మురికి నీళ్ళు బయటపడి నది మొత్తం నారింజ రంగులోకి మారిన సంగతి ఇక్కడిదే.

మూడున్నర గంటల ప్రయాణం తర్వాత సిల్వర్టన్. ఊరు చిన్నది, అందంగా ఉంటుంది, కానీ ట్రైన్ దిగిన జనమంతా ఒకేసారి తిండికి ఎగబడతారు, మేము వెళ్ళిన చోట ఆర్డర్ రావడానికే ముప్పావు గంట, ఉన్న రెండు గంటల టైంలో అది పోయిందంటే ఇంకేం చూస్తాం. తినడానికి ఏదైనా పట్టుకెళ్ళి ట్రైన్లోనే కానిచ్చేయండి. ఎత్తు 9,300 అడుగుల పైన, నాన్నకి కొంచెం ఆయాసం వచ్చింది, కూర్చుని నీళ్ళు తాగాక తగ్గింది, బీపీ ఉన్నవాళ్ళు ముందే డాక్టర్ని అడగడం మంచిది.

తిరుగు ప్రయాణం బస్సులో బుక్ చేశాం, ఇదే నేను అందరికీ చెప్పేది. అదే దారిలో ఇంకో మూడున్నర గంటలంటే నడుములు విరుగుతాయి, బస్సు గంటన్నరలో దింపేస్తుంది, పైగా 10,900 అడుగుల మోలాస్ పాస్ మీదుగా వస్తుంది కాబట్టి పొద్దున కింద నుంచి చూసిన కొండల్ని ఈసారి పై నుంచి చూస్తాం. ట్రైన్ టికెట్‌తో పాటే ఈ ఆప్షన్ ఉంటుంది, కొంచెం ఎక్స్‌ట్రా.

స్టే విషయానికొస్తే డురాంగోలో హైవే వైపున్న ఒక మోటెల్ తీసుకున్నాం, రేటు తక్కువే గానీ పక్క రూం వాళ్ళ దగ్గు కూడా వినపడింది, తెల్లారి పార్కింగ్ వెతుక్కోవడం ఇంకో టెన్షన్. స్టేషన్‌కి నడిచెళ్ళేంత దూరంలో మెయిన్ అవెన్యూ మీదే తీసుకోండి, ఎక్కువైనా పర్లేదు. ఆ వీధిలోనే 1887 నాటి స్ట్రేటర్ హోటల్ ఉంది, ఉండకపోయినా లోపలికి ఓసారి తొంగిచూడొచ్చు.

చలికాలంలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట, అప్పుడు ట్రైన్ సిల్వర్టన్ దాకా పోదు, కాస్కేడ్ దగ్గర 26 మైళ్ళకే వెనక్కి తిరుగుతుంది, అయినా హైలైన్ ఆ లోపే వచ్చేస్తుంది కాబట్టి టికెట్ డబ్బులు దండగ కావు.