డిప్ రాడ్డా, ఆటోమేషనా: ట్యాంకు లీకును ఏది పట్టిస్తుంది?

"ఆటోమేషన్ ఉంది కదన్నా, ఇంకా పొద్దున్నే డిప్ కొట్టడం ఎందుకు?" కర్నూలు, డోన్ వైపు బంకులు నడిపేవాళ్లు పదేపదే అడుగుతున్నారు.

డిప్ అంటే గీతలున్న రాడ్డును భూమిలోని పెట్రోలు ట్యాంకులోకి దించి మట్టం చూడటం. ఆటోమేషన్ అంటే ట్యాంకులో ఉండే ప్రోబ్ (కొలిచే కడ్డీ) ఆ పని తనే చేయడం. డిప్ రాడ్డుకు కరెంటు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కానీ 20,000 లీటర్ల ట్యాంకు సగం ఉన్నప్పుడు రాడ్డు మీద ఒక్క మిల్లీమీటరు అంటే సుమారు 12 లీటర్లు. చిన్న లీకు చదవడంలో వచ్చే తేడాలోనే కలిసిపోతుంది.

మన దగ్గర అసలు చిక్కు ఎండ. మే నెలలో లారీ దించే పెట్రోలు కాగిపోయి ఉంటుంది, భూమిలోకి దిగాక చల్లబడుతుంది. ఒక్క డిగ్రీకి వెయ్యి లీటర్ల మీద లీటరుకు పైగా తగ్గుతుంది. 12,000 లీటర్ల లోడు 5 డిగ్రీలు చల్లబడితే 60 లీటర్ల పైనే తరుగు. అది లీకు కాదు. కానీ దానికి అలవాటుపడి, ఏ తరుగు వచ్చినా "ఎండకు పోయిందిలే" అని రిజిస్టరులో రాసేస్తాం. నిజమైన లీకు ఆ మాట చాటున నెలల తరబడి సాగిపోతుంది.

అందుకే నా ఓటు ఆటోమేషన్‌కే. ప్రోబ్ మట్టంతో పాటు ట్యాంకులోని వేడినీ కొలుస్తుంది. రాత్రి అమ్మకం ఆపి కొన్ని గంటలు స్టాటిక్ టెస్టు (కదలని ట్యాంకులో మట్టం తగ్గుతోందా అని చూసే లీకు టెస్టు) పెడితే, వేడి వల్ల వచ్చిన మార్పు తీసేసి మిగతా తరుగు చూపుతుంది. అమెరికాలో నెలవారీ టెస్టు గంటకు 0.76 లీటర్ల లీకును పట్టాలని నిబంధన. అంటే రోజుకు 18 లీటర్లు. రాడ్డు మీద అది ఒకటిన్నర మిల్లీమీటరే! మీ సిస్టమ్ స్టాకు మాత్రమే చూపుతోందా, లీకు టెస్టు కూడా ఉందా అని ఇంజనీరును అడగండి. లోడు దిగిన వెంటనే మాత్రం టెస్టు పెట్టొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే మనది రాతి నేల. కారిన పెట్రోలు బండల నెర్రెల వెంట ఎటు పోతుందో చెప్పలేం. చుట్టుపక్కల వాళ్లు తాగేది బోరు నీళ్లు, పెట్రోలులోని బెంజీన్ క్యాన్సర్ కారకం. బోరులో వాసన వచ్చేదాకా ఆగితే ఆ నీళ్లు బాగుపడటానికి ఏళ్లు పడుతుంది.

ట్యాంకులోకి చేరే నీళ్ల విషయంలో మాత్రం చేతి డిప్‌దే పైచేయి. ఇథనాల్ కలిపిన పెట్రోలులో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌ను లాక్కుని అడుగున పొరగా దిగుతాయి. ఆ పొర మామూలు నీళ్లకన్నా తేలిక కాబట్టి నీళ్లను పసిగట్టే ప్రోబ్ ఫ్లోటుకు (తేలే భాగానికి) అందకపోవచ్చు. ఇథనాల్ పెట్రోలు కోసం చేసిన పేస్టును రాడ్డు కొసకు రాసి ముంచితే, రంగు మారిన గీత కళ్లకు కనిపిస్తుంది. వానలప్పుడు నీళ్లు లోపలికొచ్చే చిల్లులోంచే ఎండాకాలం పెట్రోలు బయటికి పోతుంది. కాబట్టి పొద్దున డిప్ మానొద్దు.

ప్రెషర్ టెస్టు (ట్యాంకులో ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) గడువు ప్రకారం ఎలాగూ చేయించాల్సిందే, కానీ అది ఆ రోజు సంగతే చెబుతుంది.

స్టాటిక్ టెస్టు పాసవుతున్నా రిజిస్టరులో తరుగు ఆగకపోతే ట్యాంకును వదిలేసి పైపులైను జాయింట్లు, నాజిల్ మీటర్లు చూడండి. ఆ టెస్టు ట్యాంకు వరకే.